లోకరీతి తెలిపెడు గీతలు

అండమాను దీవులలో మొసళ్ళు తిరుగాడు తీరములయందు ఒక హెచ్చరిక పలక కనబడును. దానిమీద మొసలి బొమ్మ యుండును. హిందీ తెలియనివాడును, ఇంగ్లీషు చదువలేనివాడును, అసలే అక్షరము నేర్వనివాడును ఆ బొమ్మను చూచి ఒక అడుగు వెనుకకు వేయును. ప్రాణాపాయమును తెలుపుటకు నాలుగు గీతలు చాలుచున్నవి. మనుష్యుల నడుమ మెలగునప్పుడు ఎదురగు చిక్కులకు మాత్రము ఇట్టి పలకలు ఎచ్చటను లేవు. ఎదుటివాడు హాస్యమాడుచున్నాడా, కోపగించినాడా, ఆదరముతో పిలుచుచున్నాడా, మర్యాదగా పొమ్మనుచున్నాడా అను సంగతిని అతని ముఖమునుండియు, కంఠస్వరమునుండియు, సందర్భమునుండియు గ్రహింపవలసియున్నది. పెక్కుమంది పిల్లలు ఈ విద్యను ఎవరును బోధింపకయే నేర్చుకొందురు. కొందరికి అది అట్లు అబ్బదు. అట్టివారికి సామాన్యమైన గీతల బొమ్మలు ఎంతటి ఆసరా కాగలవో, ఆ బొమ్మలను పెద్దలు ఏ తీరున వాడవలయునో చెప్పుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మాట తెలిసినను మర్మమందని పిల్లలు

ఇట్టి పిల్లలలో అనేకులు ఆటిజము అను స్థితితో జన్మించినవారు. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడును, 1944లో వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ అను వైద్యుడును ఈ స్థితిని వర్ణించి ప్రకటించిరి. తల్లి పెంపకములోని లోపమువలన ఇది కలుగునని కొంతకాలము కొందరు తలచిరి. ఆ తలంపు తప్పని తరువాత తేలినది. ఇది గ్రహదోషము కాదు, పిల్లవాని మొండితనమును కాదు. మెదడు ఎదుగుదలలోనే ఉన్న భేదము. కొందరికి మాట ఆలస్యముగా వచ్చును, కొందరికి రానేరాదు. మరికొందరు చక్కగా మాటలాడుదురు, లెక్కలు చేయుదురు, ఓడల పేర్లను, వాని రాకపోకల వేళలను తడుముకొనక అప్పగింతురు. అయినను ఎదుటివాని మాట వెనుకనున్న భావము వారికి సులభముగా అందదు. వినికిడి లోపము గలవారును, మేధోవైకల్యము గలవారును, మాట ఆలస్యముగా వచ్చినవారును కూడ ఈ చిక్కులో కొంత పాలు పంచుకొందురు.

వీరి సంఖ్య అల్పమని తలపరాదు. మన దేశములో ఐదు ప్రాంతములయందు 2 మొదలు 9 సంవత్సరముల వయస్సుగల పిల్లలను పరీక్షించి చేసిన ఒక పరిశీలనము 2018లో వెలువడెను. హైదరాబాదు ఆ ఐదు ప్రాంతములలో నొకటి. మెదడు, నరముల ఎదుగుదలకు సంబంధించిన లోపములలో ఏదో ఒకటి సుమారు ఎనిమిది మంది పిల్లలలో ఒకరికి కలదని ఆ పరిశీలనమున తేలినది. వినికిడి, మాట, మూర్ఛ, ఆటిజము మొదలైనవన్నియు ఈ లెక్కలో చేరియున్నవి. 2016 సంవత్సరపు దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. ఆటిజము వానిలో నొకటి. కావున ఏ పాఠశాలయైనను, ఏ వాడయైనను తమవద్ద ఇట్టి పిల్లలు లేరని చెప్పుకొనుట కష్టము. ఉన్నారుగాని గుర్తింపబడలేదని చెప్పుటయే న్యాయము.

మూడు భాషల నడుమ

అండమాను నికోబారు దీవులలో ఈ చిక్కునకు మరియొక చిక్కు తోడగుచున్నది. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ ద్వీపముల జనసంఖ్య 3,80,581. వారిలో నూటికి సుమారు 28 మంది బెంగాలీని, 19 మంది హిందీని, 15 మంది తమిళమును, 13 మంది తెలుగును మాతృభాషగా చెప్పుకొనిరి. నికోబారీ, మలయాళము మాటలాడువారును తగుసంఖ్యలో నున్నారు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి సముద్రముదాటి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబములు జంగ్లీఘాటు మొదలైనచోట్ల చేపలవేటను, చిన్న వ్యాపారములను, కూలిపనులను చేసికొని జీవించుచున్నవి. పోర్టుబ్లేయరు నగరమునకు 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు పెట్టబడినది. ఆ నగరమున ఒక జాలరివాని కుమారుడు ఇంటిలో తెలుగును, వీధిలో హిందీని, పాఠపుస్తకములో ఇంగ్లీషును ఎదుర్కొనును. చురుకైన పిల్లవానికి ఇది మేలే. మూడు భాషలు వచ్చును. ఎదుటివారి ముఖభావములను చదువుట కష్టమైన పిల్లవానికి మాత్రము ఇది మూడు చీకటిగదులలో ఒకేసారి తడుముకొనుటతో సమానము. మాట అర్థము కాలేదో, మనసు అర్థము కాలేదో చెప్పుటకుకూడ అతనికి తెలియదు. పెద్దలును, "భాష రాక ఇట్లున్నాడు, పోను పోను అదే వచ్చును" అని ఊరకుందురు. ఏండ్లు గడచిపోవును.

ఒక ఉదాహరణము. పదునాలుగేండ్ల బాలుడొకడు తరగతిగదిలో నడచుచు నేలమీదనున్న నీళ్ళ సీసాను తన్నుకొనెను. నీళ్ళు ఒలికిపోయెను. "కళ్ళెక్కడ పెట్టుకున్నావురా?" అని తెలుగు ఉపాధ్యాయుడు అడిగెను. బాలుడు కొంచె మాలోచించి, "మొకం మీద, మాస్టారూ" అనెను. తరగతి గొల్లుమని నవ్వెను. తన్ను ఎగతాళి చేసినాడని తలచి ఉపాధ్యాయుడు వానిని బయట నిలువబెట్టెను. బాలుడు తన్నడిగిన ప్రశ్నకు సరియైన సమాధానమే చెప్పినాడు. నిజము చెప్పినందుకు శిక్ష యేల కలిగెనో వానికి తెలియలేదు. ఉపాధ్యాయుడు దుర్మార్గుడు కాడు. అవమానము జరిగినదని అతడు నిజముగానే నమ్మినాడు. ఇట్టి సంఘటనలు నెలకు నాలుగు జరిగినచో ఆ బాలునికి పొగరుబోతు అను పేరు స్థిరపడును. పిదప ఆ పేరే వానికంటె ముందుగా ప్రతి తరగతిలోను అడుగు పెట్టును. తోడివారు వానిని కవ్వించి వినోదింతురు. కొంతకాలమునకు వాడు బడికి పోనని మారాము చేయును. చదువు ఆగిపోవుటకు తెలివి తక్కువ కారణమా, ఒక నుడికారము అర్థము కాకపోవుట కారణమా అని విచారించువారు ఉండరు.

కాగితముమీది సంభాషణము

ఇట్టి సమయమున నోటిమాటతో మందలించుటవలన ప్రయోజనము స్వల్పము. ఏలయనగా మాటయే అక్కడ చిక్కు తెచ్చినది. అమెరికాలో మిషిగన్ రాష్ట్రమున ఆటిజము గల విద్యార్థులకు బోధించుచుండిన కేరల్ గ్రే అను ఉపాధ్యాయురాలు 1990 ప్రాంతమున సామాజిక కథలను వ్రాయు పద్ధతిని ఏర్పరచెను. 1994లో ఆమె బొమ్మలతో సంభాషించు పద్ధతినిగూర్చి ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. ఆ పద్ధతికి కావలసిన సామగ్రి కాగితము, పెన్సిలు మాత్రమే. తలకు ఒక సున్న, మొండెమునకు ఒక గీత, కాళ్ళుచేతులకు నాలుగు గీతలు గీచినచో మనిషి తయారగును. అతడు నోట పలికిన మాటను ఒక బుడగలో వ్రాయుదురు. మనసులో అనుకొన్న మాటను తలపైన ఒక మేఘములో వ్రాయుదురు. జరిగిన సంగతిని వరుసగా ఒక్కొక్క గడిలో చూపుదురు. పెద్దవారును, పిల్లవాడును ప్రక్కప్రక్కన కూర్చుండి గీచుకొనుచు మాటలాడుకొందురు.

నీళ్ళ సీసా సంగతినే ఈ తీరున గీచిచూడవచ్చును. మొదటి గడిలో సీసా పడిపోవుచున్నది. రెండవ గడిలో ఉపాధ్యాయుని నోటివద్ద బుడగ: "కళ్ళెక్కడ పెట్టుకున్నావురా?" అతని తలపైన మేఘము: "చూసుకుని నడవాలి. ఈ నీళ్ళలో ఎవరైనా జారిపడతారేమో." బాలుని తలపైన మేఘము: "మాస్టారు నా కళ్ళెక్కడున్నాయని అడుగుతున్నారు." మూడవ గడిలో బాలుని సమాధానము, ఉపాధ్యాయుని తలపైన మరియొక మేఘము: "వీడు నన్ను వెక్కిరిస్తున్నాడు." ఇంతవరకు గీచునప్పటికి ఆ గదిలో ఒకేసారి రెండు వేరు వేరు సంగతులు జరిగినవని ఇరువురకును తెలియవచ్చును. నాలుగవ గడి ఖాళీగా ఉండును. మరియొకసారి ఇట్లే జరిగినచో ఏమనవచ్చునని పిల్లవానిని అడుగుదురు. "చూసుకోలేదు మాస్టారూ" అని వాడు స్వయముగా వ్రాసికొన్న మాట వానికి గుర్తుండును. ఎవరో వల్లెవేయించిన మాట అట్లు నిలువదు.

ఇంత చిన్న పనియందు ఇంత బలమెట్లు కలిగినది? మాట పలికిన క్షణముననే గాలిలో కలిసిపోవును. గీత కాగితముమీద నిలిచియుండును. పిల్లవాడు తనకు కావలసినంతసేపు చూడవచ్చును, మరునాడు మరల చూడవచ్చును. ఆటిజము గల పలువురకు ఎదుటివారి కన్నులలోనికి చూచుచు మాట వినుట దుర్భరము. ఇక్కడ ఇరువుర చూపులును కాగితముమీద నుండును. అన్నిటికంటె ముఖ్యమైనది మేఘము. లోకములో కంటికి కనబడనిది, బొమ్మలో కనబడునది అదియే. 1985లో ఇంగ్లండులో సైమన్ బారన్-కోహెన్ మున్నగువారు రెండు బొమ్మలతో చిన్న పరీక్ష యొకటి చేసిరి. ఒక బొమ్మ తన గోళీని బుట్టలో దాచి బయటికి పోవును. ఆమె లేనప్పుడు రెండవ బొమ్మ దానిని పెట్టెలో పెట్టును. మొదటి బొమ్మ తిరిగివచ్చి గోళీని ఎక్కడ వెదకునని పిల్లలను ప్రశ్నించిరి. ఆటిజము గల 20 మంది పిల్లలలో 16 మంది, గోళీ నిజముగా ఉన్న పెట్టెనే చూపిరి. తమకు తెలిసినది ఆమెకు తెలియదను సంగతి వారికి స్ఫురింపలేదు. ఎదుటివాని మనసులో వేరొక బొమ్మ ఉండునని తెలుపుటకు, తలపైన మేఘము గీచుటకంటె సులువైన ఉపాయము దొరకుట అరుదు.

ముగ్గు వేసిన చేతికి కష్టమేమి?

"బొమ్మలు గీయుట మాకు రాదు" అని తల్లులు సంకోచింతురు. తెల్లవారి లేచి వాకిట చుక్కలు పెట్టి, ఆ చుక్కలను తప్పించి మెలికలు తిప్పి ముగ్గువేయు చేతులు, ఒక సున్నకు ఐదు గీతలు చేర్చలేవా? ఇక్కడ అందము అక్కర లేదు. పైపెచ్చు బొమ్మ మిక్కిలి అందముగా నున్నచో పిల్లవాని దృష్టి చొక్కా గుండీలమీదికిని, జుట్టుమీదికిని పోయి అసలు సంగతి మరుగుపడును. తక్కువ గీతలు ఎక్కువ పలుకునని తెలుగువారికి వేరుగా చెప్పనక్కర లేదు. బాపు (1933–2014) గీచిన బుడుగును ఎరిగిన ఇంటిలో ఆ రుజువు ఉండనే యున్నది. కనుబొమ్మ గీత కొంచెము వంగినచో కోపము, నోటి గీత కొంచెము క్రిందికి వ్రాలినచో దుఃఖము. అంతకుమించిన చిత్రకళ ఈ పనికి వలదు. కాగితము లేనప్పుడు పలకయు, పలక లేనప్పుడు జెట్టీప్రక్కనున్న తడియిసుకయు చాలును.

రంగుల విషయమున మాత్రము కొంచెము వివేకము కావలయును. గ్రే ఏర్పరచిన పద్ధతిలో ఒక్కొక్క భావమునకు ఒక్కొక్క రంగు చెప్పబడినది. ఎరుపు కోపమునకును, ఆకుపచ్చ స్నేహభావమునకును, నీలము దుఃఖమునకును గుర్తులు. కుంకుమను, పెండ్లిచీరను, పండుగను ఎరుపుతో కలిపి ఎరిగిన తెలుగు పిల్లకు ఎరుపనగా కోపమని తోచకపోవచ్చును. కనుక పరదేశపు పట్టికను యథాతథముగా దింపుకొనక, ఏ రంగు దేనికో పిల్లవానితో కూడి నిర్ణయించుకొనుట మంచిది. భాష సంగతియు అట్టిదే. బుడగలోని మాట ఏ భాషలో పలుకబడినదో ఆ భాషలోనే ఉండవలయును. ఆటలో తోడివాడు హిందీలో అన్న మాటను హిందీగానే వ్రాసి, మేఘములోని భావమును ఇంటిభాషలో వ్రాసినచో, మూడు భాషల చిక్కులో రెండు ముళ్ళు ఒకేసారి వీడును.

నియమము వేరు, కారణము వేరు

ఈ పిల్లలకు లోకరీతిని నియమములుగా నేర్పినచో చాలునని కొందరి అభిప్రాయము. పెద్దలు కనబడినచో నమస్కరింపుము, ఎవరింటినుండియైన వచ్చునప్పుడు "వెళ్ళొస్తాను" అని చెప్పుము, మొదలైనవి. నియమములు కొంతదూరము నడిపించును. అటుపై అవియే కాలికి అడ్డుపడును. "వెళ్ళొస్తాను" అని చెప్పనిదే కదలరాదని నేర్చిన యువకుడొకడు మరణము జరిగిన ఇంటికి పరామర్శకు పోయి, లేచునప్పుడు ఆ మాటనే బిగ్గరగా అనునెడల ఏమగును? ఇట్టి ఇంటికి మరల వచ్చు పని కలుగరాదని కోరుకొనువారి చెవికి ఆ మాట శూలమగును. యువకుడు మాత్రము తాను నేర్చిన మర్యాదనే పాటించినాడు. చీవాట్లు పడిన పిదప వాడు ఏ ఇంటినుండి వచ్చునప్పుడును నోరు మెదపడు. ఒక నియమము పోయి దాని స్థానమున భయము నిలుచును.

ఇచ్చట కావలసినది మరియొక నియమము కాదు, మేఘము. ఒక ఇల్లు, అందు కూర్చున్న మనుష్యులు, వారి తలలపైన "ఇలాంటి కష్టం మళ్ళీ రాకూడదు" అను మాట. ప్రక్కన సామాన్యమైన మరియొక ఇల్లు. అందున్నవారి తలలపైన "మళ్ళీ రావాలి" అను మాట. ఒకే మాట ఒక ఇంట మన్ననయు, మరియొక ఇంట నొప్పియు ఎట్లు అగుచున్నదో ఈ రెండు బొమ్మలు చెప్పును. కారణము తెలిసినవాడు నేర్పని చోటకూడ నడచుకొనగలడు. ఓడ టిక్కెట్టు వరుసలోను, చౌకధరల దుకాణమువద్దను, ఆసుపత్రి వసారాలోను నియమములు మాటిమాటికి మారుచుండును. మనుష్యులు ఏమి తలచుచున్నారని ప్రశ్నించుకొను అలవాటు అన్నిచోట్లను ఉపకరించును.

పెన్సిలు ఎవరి చేతిలో నుండవలయును?

ఈ పద్ధతిని మెచ్చుకొను పెద్దలు తరచుగా చేయు పొరపాటు ఒకటి కలదు. వారు బొమ్మను తామే గీతురు. తప్పు పిల్లవానిదని ముందే నిర్ణయింతురు. చివరి గడిలో "ఇక ఇట్లు చేయను" అని తామే వ్రాసి వానిచేత చదివింతురు. అప్పుడది నేరపత్రమే యగును. దానిని తరగతిగోడకు అంటించి అందరకు చూపుటకంటె క్రూరమైన పని ఉండదు. పెన్సిలు వీలయినంతవరకు పిల్లవాని చేతిలో నుండవలయును. "నీవు ఎక్కడ నిలిచియుంటివి? ఎవరేమనిరి? అప్పుడు నీ మనసున ఏమి తోచినది?" అని అడిగి, వాడు గీచునంతసేపు ఓపిక పట్టవలయును. పిల్లవాని మేఘమును మొదట నింపనిచ్చి, తరువాతనే ఎదుటివాని మేఘమునకు పోవలయును. ఎదుటివాని మనసులో నిజముగా ఏమున్నదో పెద్దలకును నిశ్చయముగా తెలియదు. "ఇట్లు అనుకొనియుండవచ్చును" అని చెప్పుటయే సత్యము.

బ్రిటనులో డామియన్ మిల్టన్ అను పండితుడు, తానును ఆటిజము గలవాడు, 2012లో ఒక ముఖ్యమైన సంగతిని ప్రతిపాదించెను. ఆటిజము గలవారికి ఇతరుల మనసు అర్థము కాదనుట సగము నిజమే. ఇతరులకు వారి మనసు అర్థము కాదనునది తక్కిన సగమని అతని వాదము. ఈ వాదమునకు బొమ్మకంటె మంచి సాక్షి లేదు. నీళ్ళ సీసా బొమ్మలో నేర్చుకొనవలసినది బాలుడు మాత్రమే కాదు. "మొకం మీద" అను మాట వెనుక వెక్కిరింత లేదని ఉపాధ్యాయునికి తెలిసినది ఆ మేఘమును చూచిన తరువాతనే. బొమ్మ చూచి పెద్దలు తమ పద్ధతిని ఏమాత్రమును మార్చుకొననిచో ఆ బొమ్మ సగమే గీయబడినట్లు. శబ్దములకు బెదరు పిల్లవాడు భోజనవిరామమున చెవులు మూసికొని మూలకు పోవునని బొమ్మవలన తెలిసినప్పుడు, వానికి నిశ్శబ్దమైన చోటొకటి చూపుట పాఠశాల ధర్మము.

యౌవనమున మరింత అవసరము

బొమ్మలు పసిపిల్లలకేగాని మీసములు మొలచినవారికి సిగ్గుచేటని ఒక ఆక్షేపణ. వయస్సుతోబాటు చిక్కులును పెరుగుచున్నవని ఆక్షేపించువారు గమనింపవలయును. ఎదుటివాని మాటను ఉన్నదున్నట్లుగా నమ్ము యువకుని మోసగించుట సులువు. "నువ్వు నా స్నేహితుడివైతే ఈ పొట్లం అక్కడ ఇచ్చి రా" అన్నవాని మాటలో స్నేహమున్నదో, స్వార్థమున్నదో వాడు విడదీయలేడు. "ఎవరికీ చెప్పకు" అను మాట ఒక్కొక్కప్పుడు చిన్న వేడుకకును, ఒక్కొక్కప్పుడు ఘోరమైన అపాయమునకును ముందుమాట యగును. ఆడపిల్లల విషయమున ఈ భయము మరింత గాఢము, మగపిల్లలకును లేకపోలేదు. 2012లో వచ్చిన పోక్సో చట్టము పిల్లలపై లైంగిక దౌర్జన్యమును కఠినముగా శిక్షించును. అయితే జరిగినదానిని చెప్పలేని పిల్లకు ఏ చట్టమును తనంత తాను తోడురాదు. మాటలో చెప్పలేని సంగతిని గీచి చూపగల అలవాటు ముందుగానే ఉన్న పిల్ల, అవసరమైనప్పుడు ఆ దారిని వెదకుకొనును. ఆ బొమ్మను చూచిన పెద్దలు తమ ఊహలను చేర్చక, ఇట్లు జరిగినదా అట్లు జరిగినదా అని నూరిపోయక, ఉన్నదున్నట్లుగా భద్రపరచి అధికారులకు తెలుపవలయును.

దుఃఖము మాటను మ్రింగివేసినప్పుడు గీత తోడువచ్చునని ఈ ద్వీపములవారికి తెలియనిది కాదు. 2004 డిసెంబరు 26వ తేదీన సునామీ వచ్చి ఊళ్ళను తుడిచిపెట్టిన పిదప, బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థనుండి మానసిక వైద్యబృందములు వచ్చి సహాయశిబిరములలో పనిచేసెను. పెద్దల ఎదుట పెదవి విప్పని పిల్లలను ఆట, పాట, కథ, బొమ్మలద్వారా పలుకరించుట అట్టి సమయములయందు అనుసరింపబడు మార్గము. ఆనాటి అవసరము గుండెలోని బరువును దింపుకొనుట. ఇప్పుడు చెప్పబడుచున్న పని అంత కంటికి కనబడు విపత్తునకు సంబంధించినది కాదు. బడి మైదానములో ప్రతిదినము ఒంటరిగా నిలుచు పిల్లవాని కష్టమును చూచి ఓడలు కదలిరావు, శిబిరములు వెలయవు. అందుచేతనే అది పొరుగువాని దృష్టికి ఆనదు.

చేయదగిన పనులు

బొమ్మలు సర్వరోగనివారణి యని చెప్పుట పొరపాటు. ఇంగ్లండులో యార్కు విశ్వవిద్యాలయమువారు 87 పాఠశాలలలో ఆటిజము గల 249 మంది పిల్లలతో సామాజిక కథల పద్ధతిని పరీక్షించిరి. మొత్తముమీద పిల్లల సామాజిక ప్రవర్తనలో గణనీయమైన మార్పు కనబడలేదు. అయినను ఒక్కొక్క పిల్లవానికై ముందుగా నిర్ణయించుకొన్న చిన్న లక్ష్యము విషయమున కొంత ప్రయోజనము కనబడెను. ఈ ఫలితమునుండి నేర్వవలసినది స్పష్టము. పిల్లవాని స్వభావమునే మార్చివేయవలెనని బొమ్మలు గీయరాదు. వరుసలో నిలుచుట, ఆటలో చేరుటకు అడుగుట, వద్దని చెప్పుట వంటి ఒక్కొక్క సంగతికి ఒక్కొక్క బొమ్మ గీచినచో ఫలించుటకు వీలున్నది. అసలే మాట రాని, బొమ్మలోని పోలికయు అందని పిల్లలకు ఈ పద్ధతికి ముందు వేరు సహాయము కావలసియుండును.

కావున బొమ్మ వైద్యపరీక్షకు బదులు కాజాలదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద పుట్టినది మొదలు 18 ఏండ్లవరకు గల పిల్లలను అంగన్‌వాడీలలోను, ప్రభుత్వ పాఠశాలలలోను పరీక్షించి, అవసరమైనవారిని పై కేంద్రములకు పంపు ఏర్పాటు కలదు. సందేహము కలిగిన ఉపాధ్యాయుడు ఆ బృందము వచ్చునప్పుడు సంకోచింపక చెప్పవలయును. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి-మానస్ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో మానసిక ఆరోగ్య విషయములలో ఉచితముగా సలహా దొరకును. తెలుగులో మాటలాడు వీలును కలదు. అయితే నిర్ధారణపత్రము చేతికి వచ్చువరకు పెన్సిలు ముట్టరాదను నియమమేదియు లేదు. ఆటిజము లేని పిల్లవానికి బొమ్మ గీచి చెప్పినను వచ్చు నష్టము లేదు. వానికిని తోడివాని మనసు కొంత తెలియును.

పాఠ్యప్రణాళిక భారముగా నున్నది, ఇట్టి పనులకు వ్యవధి లేదని ఉపాధ్యాయులు చెప్పుటలో నిజము లేకపోలేదు. కాని తరగతి బయట నిలువబెట్టిన పిల్లవాడు ఎన్ని పాఠములు కోల్పోవునో, తల్లిని పిలిపించి మందలించుటకు ఎంతకాలము పట్టునో లెక్కించినచో, పది నిమిషములలో గీయదగిన బొమ్మయే కాలమును మిగుల్చును. ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలలో ఈ పద్ధతికి కొన్ని గంటలు కేటాయించుట, అంగన్‌వాడీ కార్యకర్తలకు చూపుట, ద్వీపములలోని వేరు వేరు భాషలవారు వాడుకొనదగు చిన్న బొమ్మల సంపుటములను ఆయా భాషల నుడికారములతో తయారుచేయుట ప్రభుత్వమును, విద్యాశాఖయు తలపెట్టవలసిన పనులు. తెలుగు సంపుటములో "కళ్ళెక్కడ పెట్టుకున్నావు" అను మాటకు తప్పక చోటుండవలయును. ఇంగ్లీషు పుస్తకమునుండి దింపుకొన్న నుడికారము జంగ్లీఘాటు పిల్లవానికి కొరగాదు.

అంతవరకు తల్లిదండ్రులు వేచియుండ నక్కర లేదు. పిల్లవాడు బడినుండి ముఖము మాడ్చుకొని వచ్చిన సాయంకాలము "ఏం జరిగింది?" అని పదిసార్లు గద్దించుట మాని, ఒక కాగితము వాని ముందుంచి, బడి గేటును, ఒక చిన్న మనిషిని గీచి, పెన్సిలును వాని చేతి కందింపవలయును. మొదటిదినము వాడు ఏమియు గీయకపోవచ్చును. రెండవదినము ఒక సున్న చుట్టవచ్చును. ఆ సున్నపైన మేఘము గీచి, దానిని ఖాళీగా విడిచి, ఓపికతో కూర్చుండుట పెద్దల వంతు.